అరియానా హఫింగ్టన్ కథలో మనకు పనికొచ్చేది ఎంత? హెచ్-4 మీద ఉన్న ఒక సబ్ ఎడిటర్ ప్రశ్నకు నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. విజయవాడలో ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో ఆరేళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశారు. పెళ్లయి డల్లాస్ వచ్చి ఏడాదిన్నర అయింది. హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవారి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉన్నారు, పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతిపత్రం, అంటే ఈఏడీ, ఇంకా రాలేదు. సొంతంగా తెలుగు వార్తల సైట్ పెట్టాలని ఉంది. ఈమధ్య అరియానా హఫింగ్టన్ గురించి చదివారు. గ్రీస్ నుంచి వచ్చిన ఆడమనిషి, అంత గట్టి యాసతో ఇంగ్లిష్ మాట్లాడుతూ, అమెరికాలో అంత పెద్ద మీడియా సంస్థను ఎలా నిలబెట్టారు? డబ్బున్న భర్త వల్లేనా? మనలాంటివాళ్లకు అలాంటి దారి ఉందా?

సూటిగా చెబుతాను. దారి ఉంది. భర్త డబ్బు ఒక్కటే కారణం అనడం తప్పు. ఆ డబ్బు, ఆ పరిచయాలు లేకపోయినా అంతా అలాగే జరిగేది అనుకోవడం ఇంకా పెద్ద తప్పు. 2005లో హఫింగ్టన్ పోస్ట్ అనే వార్తల సైట్ మొదలుపెట్టేనాటికి ఆమెకు 54 ఏళ్లు. అప్పటికే ముప్పై ఏళ్లుగా రాస్తూ, మాట్లాడుతూ, మనుషుల్ని కలుపుకుంటూ వచ్చారు. ఆమె అసలు పెట్టుబడి ఆ మనుషులే. ఆ సంస్థకు తర్వాత వచ్చిన మంచిపేరూ, చెడ్డపేరూ కూడా చాలావరకు ఆ మనుషులతో నడిచిన లెక్కల నుంచే వచ్చాయి. మీరు చూడాల్సింది అక్కడ.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, ఏ అనుభవంతో మాట్లాడుతున్నానో మీకు తెలియాలి కదా. మాది తెనాలి. హైదరాబాద్‌లో ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో నాలుగేళ్లు పనిచేసి 2006లో డల్లాస్ వచ్చాను. అప్పట్లో హెచ్-4 వాళ్లకు ఈఏడీ అన్నదే లేదు. 2011లో గ్రీన్ కార్డ్ వచ్చాక తెలుగు వెబ్ పత్రిక మొదలుపెట్టాను. దానికి తోడు వారానికో ఆడియో కార్యక్రమం. ఇప్పటికీ నడుపుతున్నాను. మొదటి మూడేళ్లు నా స్టూడియో మా బెడ్‌రూమ్ క్లాజెట్. చీరలు, దుప్పట్లు వేలాడుతుంటే గొంతు మార్మోగదు, అందుకని అక్కడే కుర్చీ వేసుకుని ఇంటర్వ్యూలు రికార్డ్ చేసేదాన్ని.

ఇక అరియానా గారి విషయం. 1950లో ఏథెన్స్‌లో పుట్టారు, ఇంటిపేరు స్టాసినోపులోస్. తండ్రి జర్నలిస్టు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణ కింద రహస్యంగా పత్రిక నడిపినందుకు ఆయన్ని నిర్బంధ శిబిరానికి పంపారు. బతికి బయటపడ్డాక ఆయన పెట్టిన పత్రికలు ఒకదాని తర్వాత ఒకటి దివాలా తీశాయి. అంటే పత్రిక పెట్టడం, మూతపడటం ఈ అమ్మాయికి చిన్నప్పుడు ఇంట్లో చూసిన విషయమే. ఆమెకు పదకొండేళ్ల వయసులో తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి ఎల్లీ ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టుకుని చాలా తక్కువ డబ్బుతో నెట్టుకొచ్చారు.

ఒక మ్యాగజైన్‌లో కేంబ్రిడ్జ్ ఫొటో చూసి అక్కడ చదువుతానంది ఆ పిల్ల. అందరూ అయ్యే పని కాదన్నారు. తల్లి మాత్రం ఎలాగో డబ్బు కూర్చి, అడ్మిషన్ లేకుండానే, ఊరికే చూసిరావడానికి ఇంగ్లండ్ తీసుకెళ్లారు. వానలో ఆ ఊళ్లో తిరిగి వెనక్కి వచ్చేశారు. తర్వాత పరీక్షలు రాసి, స్కాలర్‌షిప్‌తో గర్టన్ కాలేజీలో అర్థశాస్త్రంలో చేరారు. మన ఇళ్లల్లో ఎంసెట్‌కి ముందు తిరుపతి తీసుకెళ్తారు చూడండి, అలాంటి ప్రయాణమే అనిపిస్తుంది నాకు. కాకపోతే ఆ తల్లి మొక్కుకోవడానికి తీసుకెళ్లలేదు. పిల్ల కలగంటున్న చోటు పిల్ల కళ్లతో చూడాలని తీసుకెళ్లారు.

మీరడిగిన యాస సంగతి ఇక్కడే వస్తుంది. కేంబ్రిడ్జ్ యూనియన్ అంటే బ్రిటన్‌లో రేపటి మంత్రులు గొంతు సవరించుకునే చర్చావేదిక. మొదట్లో ఈమె ఇంగ్లిష్ వింటే అక్కడివాళ్లకు నవ్వు. ఆమె మానలేదు. 1971లో ఆ యూనియన్‌కి అధ్యక్షురాలయ్యారు, అంతకుముందు ఆ పదవిలోకి వచ్చిన ఆడవాళ్లు ఇద్దరే. యాస మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఏ వీడియో పెట్టి చూసినా రెండో వాక్యానికే ఆమె గ్రీకు మనిషని తెలుస్తుంది. మీ విషయంలో అసలు మీరు నడపబోయేది తెలుగు సైట్. మీ కృష్ణా జిల్లా మాట ఇక్కడ మీకు బలమే. నేను ఆడియో మొదలుపెట్టినప్పుడు 'యాంకర్ తెలుగు' మాట్లాడమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. రెండు వారాలు ప్రయత్నించాను. మూడో వారం మెకిన్నీ నుంచి ఒకావిడ ఫోన్ చేసి 'ఏమ్మా, గొంతు బాలేదా, వేరే మనిషిలా ఉన్నావ్' అన్నారు. ఆ రోజే మానేశాను.

కేంబ్రిడ్జ్ తర్వాత లండన్‌లో రాయడం మొదలుపెట్టారు. మొదటి పుస్తకం 1973లో వచ్చి బాగానే అమ్ముడుపోయింది. రెండోదాన్ని ముప్పైకి పైగా ప్రచురణకర్తలు తిప్పి పంపారు. చేతిలో డబ్బు అయిపోయింది. దిగులుగా రోడ్డు మీద నడుస్తుంటే బ్యాంకు బోర్డు కనిపించింది, లోపలికి వెళ్లి తాకట్టు పెట్టడానికి ఏమీ లేకుండానే మేనేజర్‌ని అప్పు అడిగారు. ఆయన ఇచ్చాడు. చాలా ఏళ్లపాటు పండక్కి ఆయనకు గ్రీటింగ్ కార్డ్ పంపేదాన్నని ఆమె తర్వాత చాలాచోట్ల చెప్పారు. అప్పు దొరకడం అదృష్టం అనుకుందాం. ఆ కార్డ్ పంపడం మాత్రం అలవాటు. ఆ అలవాటే పాతికేళ్ల తర్వాత హఫింగ్టన్ పోస్ట్‌కి పునాది అయింది.

1980లో న్యూయార్క్ వచ్చారు. ఒపెరా గాయని మారియా కాలాస్ జీవితచరిత్ర రాసి పేరు తెచ్చుకున్నారు. 1986లో చమురు వ్యాపార కుటుంబానికి చెందిన మైకేల్ హఫింగ్టన్‌ను పెళ్లి చేసుకున్నారు. 1990లో అమెరికా పౌరసత్వం. భర్త 1992లో రిపబ్లికన్ పార్టీ తరఫున కాంగ్రెస్‌కి గెలిచి, 1994లో సెనెట్‌కి పోటీచేసి కోట్ల డాలర్ల సొంత డబ్బు పోసినా డయాన్ ఫైన్‌స్టైన్ చేతిలో ఓడిపోయారు. 1997లో విడాకులు, ఇద్దరు ఆడపిల్లలు. అదే కాలంలో ఆమె రాజకీయ అభిప్రాయాలు కుడి నుంచి ఎడమకు మారాయి. 2003లో కాలిఫోర్నియా గవర్నర్ పదవికి ఇండిపెండెంట్‌గా నిలబడి, ఎన్నికకు వారం ముందు తప్పుకున్నారు. ఆ ఎన్నికలో గెలిచింది ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్.

కాబట్టి డబ్బు గురించి మీ అనుమానం న్యాయమైనదే. విడాకుల తర్వాత ఆమెకు లాస్ ఏంజెలస్‌లో పెద్ద ఇల్లు ఉంది, వారం వారం పత్రికల్లో కాలమ్ ఉంది, రెండు పార్టీల్లోనూ తెలిసినవాళ్లు ఉన్నారు, ఆ ఇంటిపేరూ ఉంది. నెల ఖర్చుల కోసం సైట్ మీద ఆధారపడాల్సిన అవసరం లేదు. మనకు ఆ వెసులుబాటు ఉండదు, ఆ సంగతి మీకు ముందే చెప్పకపోతే నేను అన్యాయం చేసినట్టవుతుంది. అయితే సైట్ నడిచింది భర్త డబ్బుతో కాదు. మొదట దాదాపు 10 లక్షల డాలర్లు కూర్చుకున్నారు. తర్వాత పెట్టుబడి సంస్థలు వచ్చాయి: 2006లో సాఫ్ట్‌బ్యాంక్ క్యాపిటల్ 50 లక్షలు, 2008లో ఓక్ ఇన్వెస్ట్‌మెంట్ పార్ట్‌నర్స్ రెండున్నర కోట్ల డాలర్లు పెట్టాయి.

ఒక్క మనిషి పేరున్నా, పెట్టింది నలుగురు. ఈ సంగతి చాలామంది వదిలేస్తారు. 2004 అధ్యక్ష ఎన్నికల్లో డెమోక్రాట్ అభ్యర్థి జాన్ కెర్రీ ఓడిపోయాక, ఆ ఏడాది చివర్లో ఆమె ఇంట్లో జరిగిన మాటల్లోంచి ఈ ఆలోచన పుట్టింది. కెన్నెత్ లెరర్ అంతకుముందు ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీలో పెద్ద హోదాలో పనిచేసినవాడు, వ్యాపారం ఆయన చూసుకున్నాడు. జోనా పెరెట్టీ ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో చదివినవాడు, ఒక విషయం ఇంటర్నెట్‌లో ఎలా పాకుతుందో ఆయనకు తెలుసు. ఆండ్రూ బ్రైట్‌బార్ట్‌కి వార్తల లింకులు ఏరి పేర్చడంలో అనుభవం ఉంది. మరి అరియానా చేతిలో ఉన్నది ఏమిటి? ఫోన్. నటులు, రాజకీయ నాయకులు, రచయితలు ఎవరికి ఫోన్ చేసినా ఎత్తుతారు. 'మీరొక బ్లాగ్ రాయండి' అని ఒక్కొక్కరినీ అడిగారు. చరిత్రకారుడు ఆర్థర్ ష్లెసింజర్ అప్పటికి ఎనభై ఏడేళ్ల మనిషి, బ్లాగ్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఫ్యాక్స్‌లో పంపొచ్చా అని అడిగితే, పంపండి, మిగతాది మేం చూసుకుంటాం అన్నారు.

2005 మే 9న సైట్ మొదలైంది. మొదటి రోజే లాస్ ఏంజెలస్ వీక్లీలో ఒక కాలమిస్టు, హాలీవుడ్‌లో దారుణంగా ఫెయిలైన సినిమాలన్నీ కలిపితే ఈ సైట్ అని రాశారు. తర్వాత అదే కాలమిస్టు హఫింగ్టన్ పోస్ట్‌కి రాస్తానని అడిగితే, సరేనన్నానని అరియానా చెబుతారు.

సైట్ ఎలా పనిచేసేదో డెస్క్ మనిషిగా మీకు ఆసక్తి ఉంటుంది. ఒక వార్తకు రెండు హెడ్డింగులు పెట్టి, వచ్చిన పాఠకుల్లో సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకోటి చూపించేవారు. ఐదు నిమిషాల్లో దేనిమీద ఎక్కువ క్లిక్ పడిందో అది ఉండిపోయేది. మనం రాత్రి పదకొండింటికి ఎడిషన్ వదిలేముందు ఇన్‌ఛార్జ్‌తో వాదించుకుని తేల్చుకునే పని వాళ్లు పాఠకుడితో తేల్చుకున్నారు. గూగుల్‌లో జనం ఏం వెతుకుతున్నారో చూసి దానికి తగ్గట్టు రాయడం ఇంకొకటి. 2011లో 'సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) ఎన్నింటికి మొదలవుతుంది' అన్న ప్రశ్నకు చిన్న పోస్ట్ పెట్టి లక్షలమందిని లాక్కున్నారు. మీడియావాళ్లు ఇప్పటికీ ఆ ఉదాహరణ చెప్పుకుంటారు.

చెడ్డ వైపూ ఉంది. వేరే పత్రికలు కష్టపడి తెచ్చిన వార్తల్ని కుదించి, పైన మంచి హెడ్డింగ్ పెట్టి తమ సైట్‌లో నడుపుతున్నారన్న కోపం పాత పత్రికల్లో గట్టిగా ఉండేది. అప్పటి న్యూయార్క్ టైమ్స్ ఎగ్జిక్యూటివ్ ఎడిటర్ బిల్ కెల్లర్ 2011లో నేరుగా రాశారు. మన తెలుగు సైట్ల పరిస్థితి మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక సైట్‌లో వచ్చిన తప్పు అచ్చుతప్పుతో సహా పది సైట్లలో కనిపిస్తుంది. దయచేసి ఆ దారి పట్టకండి. ఆరేళ్ల డెస్క్ అనుభవం ఉన్న మనిషికి ఆ అవసరం లేదు.

అమ్మకం రోజు నాకు బాగా గుర్తు. 2011 ఫిబ్రవరి మొదటివారం డల్లాస్ అంతా గడ్డకట్టింది. కరెంటు వస్తూ పోతూ ఉంది, స్కూళ్లు లేవు, మా అపార్ట్‌మెంట్ మెట్లమీద మంచుకి ఉప్పు చల్లుకుని దిగేవాళ్లం. ఆ ఆదివారమే ఆర్లింగ్టన్‌లో సూపర్ బౌల్. ఏఓఎల్ ఒప్పందం ఆ రోజే కుదిరింది. సోమవారం పొద్దున టీ పెట్టుకుని లాప్‌టాప్ తెరిస్తే వార్త: హఫింగ్టన్ పోస్ట్‌ను ఏఓఎల్ 31.5 కోట్ల డాలర్లకు కొంటోంది, అరియానా ఆ గ్రూప్ మొత్తానికి ఎడిటర్ ఇన్ చీఫ్ అవుతారు. మా ఊరికి ఇరవై మైళ్ల దూరంలో ఇదంతా జరిగిందని చాలా ఉత్సాహపడ్డాను. నా పత్రికకు పేరు వెతుక్కుంటున్న రోజులవి.

రెండు నెలలకే రెండో వార్త. జొనాథన్ టసీనీ అనే బ్లాగర్, తనలాంటి 9 వేల మందికి పైగా రచయితల తరఫున కోర్టుకు వెళ్లాడు. మేం ఉచితంగా రాసినదానితోనే ఆ సైట్‌కి అంత విలువ వచ్చింది, మూడో వంతు, అంటే 10.5 కోట్ల డాలర్లు మాకు రావాలి అన్నాడు. 2012 మార్చిలో జడ్జి కొట్టేశారు. డబ్బు రాదని తెలిసే రాశారు, పేరు కోసం రాశారు, ఒప్పుకున్నది దక్కింది కదా అన్నది తీర్పు సారం. చట్టం ప్రకారం సరే. న్యాయం ప్రకారం ఎంతవరకు సరి అని నేను చాలా రోజులు ఆలోచించాను. జీతాలు తీసుకునే రిపోర్టర్లు, ఎడిటర్లు అక్కడ వేరే ఉండేవారు, అది కూడా చెప్పాలి. అయినా పేరున్న సినిమా నటికి ఉచితంగా రాయడం సరదా, ఊరూపేరూ లేని రచయితకు అది రోజంతా పట్టే పని. చివరికి 2018 జనవరిలో, అరియానా వెళ్లిపోయాక, ఆ ఉచిత బ్లాగుల వేదికను అమెరికాలో మూసేశారు.

మీకిది కొత్తగా అనిపించదు. మండలాల్లో కంట్రిబ్యూటర్లు, అంటే జీతం లేని విలేకరులు, లైన్ అకౌంట్ మీద (అచ్చయిన వార్త కొలతను బట్టి ఇచ్చే డబ్బు మీద) ఎలా బతుకుతారో మీ డెస్క్ నుంచి చూసే ఉంటారు. వాళ్ల కాపీ దిద్దింది మీరే కదా.

నా దగ్గరా ఇదే జరిగింది. మొదటి మూడేళ్లు పదకొండు మంది ఆడవాళ్లు నాకు ఉచితంగా రాశారు. వాళ్లలో ప్లేనోలో కొడుకు దగ్గర ఉండే ఒక రిటైర్డ్ టీచర్ గారు, గ్రీన్ కార్డ్ మీద వచ్చినావిడ. చేతిరాతతో కాగితాల మీద రాసి, మనవడి చేత ఫొటోలు తీయించి వాట్సాప్‌లో పంపేవారు. నేను టైప్ చేసుకునేదాన్ని. పొలాల్లో నాట్లు, అట్లతద్ది ఉయ్యాలలు, ట్రాన్స్‌ఫర్ అయిన ఊళ్లల్లో అద్దె ఇళ్లు. సైట్‌లో అందరికన్నా ఎక్కువ చదివేది ఆవిడనే. 2014లో నాకు మొదటి పెద్ద ప్రకటన వచ్చింది, ఒక రియల్టర్ నెలకు 600 డాలర్లు. ఒకరోజు ఆవిడ ఫోన్ చేసి చాలా మామూలుగా అడిగారు: 'అమ్మాయ్, ఆ ఇళ్ల ప్రకటన నా వ్యాసం పక్కనే వస్తోందిట, మావాడు చూపించాడు. అందులో నాకేమైనా వస్తుందా?'

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అడగడంలో కోపం లేదు, నిష్ఠూరం లేదు, అందుకే ఇంకా గుచ్చుకుంది. ఆ నెల నుంచే వ్యాసానికి 25 డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టాను, ఇప్పుడు 60. ఆవిడకు ఇచ్చిన మొదటి చెక్కు నాలుగు నెలలైనా నా అకౌంట్‌లో కట్ కాలేదు. పోయిందేమోనని ఫోన్ చేస్తే, వెంకటేశ్వరస్వామి పటం వెనక పెట్టానన్నారు. ఉద్యోగం మానేశాక తన పేరుమీద వచ్చిన మొదటి చెక్కట.

కాబట్టి నేను మీకిచ్చే గట్టి సలహా: మొదటి రూపాయి వచ్చిన రోజే రాసినవాళ్లకు వాటా మొదలుపెట్టండి, ఎంత చిన్నదైనా సరే. ఆలస్యమయ్యేకొద్దీ అది ఇంకా కష్టమవుతుంది. ఒక్క జాగ్రత్త. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లకు, ఈఏడీ లేని హెచ్-4 వాళ్లకు డబ్బు ఇస్తే వాళ్లకే చిక్కు. ముందే అడిగి తెలుసుకోండి.

అమ్మేశాక ఏమైందో కూడా చూడాలి, ఎందుకంటే విజయగాథలన్నీ ఆ 31.5 కోట్ల దగ్గర ఆగిపోతాయి. 2012లో హఫింగ్టన్ పోస్ట్‌కి జర్నలిజంలో పెద్ద బహుమతి పులిట్జర్ వచ్చింది. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో తీవ్రంగా గాయపడి ఇంటికొచ్చిన సైనికుల బతుకుల మీద డేవిడ్ వుడ్ రాసిన పది భాగాల కథనాలకు. క్లిక్కుల కోసం హెడ్డింగులు మార్చే సంస్థలోంచే ఇంత ఓపికైన పని కూడా రావడం నాకు గౌరవం పెంచింది. అప్పటికి ఆమె యజమాని కాదు, ఉద్యోగి. 2015లో ఏఓఎల్‌ను టెలికం కంపెనీ వెరైజన్ 440 కోట్ల డాలర్లకు కొంది. 2016లో ఆమె బయటికొచ్చి థ్రైవ్ గ్లోబల్ అనే కొత్త సంస్థ పెట్టారు, నిద్ర, ఆరోగ్యం, పని ఒత్తిడి దాని విషయాలు. హఫ్‌పోస్ట్‌ను (హఫింగ్టన్ పోస్ట్‌కి తర్వాత పెట్టిన పేరు) కొంటున్నట్టు 2020 చివర్లో బజ్‌ఫీడ్ అనే వెబ్ మీడియా సంస్థ ప్రకటించింది, 2021 ఫిబ్రవరిలో కొనడం పూర్తయింది. బజ్‌ఫీడ్ పెట్టింది ఎవరు? మొదట్లో ఆమెతో కలిసి సైట్ కట్టిన జోనా పెరెట్టీనే. కొన్న కొన్ని వారాలకే అమెరికాలో 47 మందిని తీసేశారు.

మనకు నేరుగా తగిలేది ఇంకొకటి ఉంది. 2014 డిసెంబర్‌లో టైమ్స్ ఆఫ్ ఇండియా గ్రూపుతో కలిసి హఫింగ్టన్ పోస్ట్ ఇండియా ఎడిషన్ పెట్టారు. మంచి పరిశోధనాత్మక కథనాలు చేశారు అక్కడి కుర్రాళ్లు. 2020 నవంబర్‌లో అది మూతపడింది. డిజిటల్ వార్తల్లో విదేశీ పెట్టుబడి 26 శాతం దాటకూడదు, అదీ ప్రభుత్వ అనుమతితోనే అని మన దేశంలో రూల్ వచ్చింది. దాంతో బజ్‌ఫీడ్ చేతికి ఇండియా ఎడిషన్ వెళ్లే వీలు లేకపోయింది. అమెరికాలో కంపెనీ పెట్టి, విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఆఫీసు తీసి తెలుగు వార్తలు నడుపుదామనుకునేవాళ్లు ఈ 26 శాతం సంగతి మొదటి రోజే తెలుసుకోవాలి. నాకు తెలిసినవాళ్లు ఇద్దరు ఇది తెలియక అక్కడ కుర్రాళ్లను పెట్టుకుని, తర్వాత అంతా విప్పుకోవాల్సి వచ్చింది.

నిద్ర గురించి ఒక్క మాట. సైట్ పెట్టిన రెండేళ్లకు, 2007 ఏప్రిల్‌లో, ఆమె పని చేసుకుంటూ నిలబడినచోటే కూలిపోయారు. తల బల్లకు కొట్టుకుని చెంప ఎముక విరిగింది, కంటి దగ్గర కుట్లు పడ్డాయి. ఏ జబ్బో అని పరీక్షలన్నీ చేశారు. తేలింది అలసట, నిద్రలేమి. అమెరికాలో ఇండియా వార్తలు నడిపేవాళ్లకు ఇది ఇంకా ప్రమాదం. అక్కడ పగలు మనకు రాత్రి. నేను రెండేళ్లు రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను. ఒకరోజు పాపను స్కూల్లో దింపి, పార్కింగ్‌లోనే స్టీరింగ్ మీద తల పెట్టి నిద్రపోయాను, ఎవరో అద్దం తడితే లేచాను. అప్పటినుంచి బ్రేకింగ్ న్యూస్ మానేశాను. మీరూ అసలు మొదలుపెట్టకండి. అసెంబ్లీ వార్త విజయవాడలో కూర్చున్నవాళ్లకన్నా ముందు మీరివ్వలేరు. ఇక్కడి తెలుగువాళ్ల జీవితం మీకన్నా బాగా వాళ్లు ఇవ్వలేరు.

ఇక మీ వీసా. 2015 మే 26 నుంచి కొంతమంది హెచ్-4 వాళ్లకు ఈఏడీ ఇస్తున్నారు. మామూలుగా భర్తకు ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం వచ్చి ఉండాలి. ఈఏడీ ఉంటే సొంత వ్యాపారం కూడా చేసుకోవచ్చు. అది లేకుండా సైట్‌లో ప్రకటనలు పెట్టి డబ్బు తీసుకోవద్దు. జీతం తీసుకోకుండా సొంత కంపెనీకి పనిచేసినా అది అనుమతి లేని పని కింద లెక్కయ్యే ప్రమాదం ఉంది. ఎవరో ఫేస్‌బుక్ గ్రూపులో 'ఏం కాదు' అన్నారని దిగకండి, గ్రీన్ కార్డ్ టైమ్‌లో ప్రశ్నలు వస్తాయి. ఒక గంటకు ఫీజు కట్టి ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

ఆ ఐదేళ్లూ నేనేం చేశానంటే, ఇక్కడి తెలుగు సంఘం వార్షిక సంచికకు వాలంటీర్‌గా ప్రూఫులు దిద్దాను. జనం దగ్గర వ్యాసాలు అడిగి తెచ్చాను. రాయనన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లు చెబుతుంటే రాసుకొచ్చాను. 2011లో పత్రిక మొదలుపెట్టేటప్పటికి నా ఫోన్‌లో నలభై మంది రాసేవాళ్ల నంబర్లు ఉన్నాయి. లాస్ ఏంజెలస్‌లో ఆమె ఫోన్‌కీ నా ఫోన్‌కీ ఉన్న తేడా నాకు తెలుసు. పని మాత్రం ఒకటే.

మీకిప్పుడు చేతిలో టైమ్ ఉంది, ఈఏడీ లేదు. ఫ్రిస్కో హనుమంతుడి గుడికి శనివారం పొద్దున వెళ్లండి. ప్రదక్షిణలు అయ్యాక పెద్దవాళ్లు గోడ పక్కన కుర్చీల్లో కూర్చుంటారు, పిల్లలు ప్రసాదం లైన్లో ఉంటారు. పలకరిస్తే చాలు, ఊరిపేరుతో మొదలుపెట్టి చెప్పుకుపోతారు. ఒక నోట్‌బుక్కు, పెన్ను పట్టుకెళ్లండి, ఫోన్ రికార్డర్ చూస్తే బిగుసుకుపోతారు. పేరు, ఊరు, ఎవరింట్లో ఉంటున్నారో, ఏం చెప్పగలరో రాసుకోండి. వాళ్లలో చాలామంది విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు, ఆరు నెలల గడువే, చలి మొదలవకముందే వెళ్లిపోతారు. అందుకని ఈ వారమే వెళ్లండి. లాయర్‌ను అడగాల్సిన ప్రశ్నలు ఎలా రాసుకోవాలో కావాలంటే ఇక్కడే కింద అడగండి, నేను వాడిన ప్రశ్నలు పెడతాను.